పీడీఎఫ్‌కి స్టాక్ అయిపోవడమేంటండీ?

"ఇంకా 7 కాపీలు మాత్రమే మిగిలాయి, త్వరపడండి!" ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఈ-బుక్ యాడ్ కింద ఎర్ర అక్షరాల్లో ఇది చూసి కాసేపు నవ్వు ఆగలేదు. ఈ-బుక్ అంటే ఒక ఫైలు. ఒకటి అమ్మినా లక్ష అమ్మినా ఆ ఫైలు అక్కడే ఉంటుంది, అరగదు, తరగదు, గోడౌన్ ఖాళీ అవదు. మరి ఆ ఏడు కాపీలు ఎక్కడ మిగిలాయట? పక్కన ఒక గడియారం కూడా పెట్టారు, పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుందని. పేజీ మూసేసి మళ్లీ తెరిస్తే మళ్లీ పది నిమిషాలు. పైన రూ.4,999 అని రాసి కొట్టేసి, కింద రూ.199. ఆ 4,999 పెట్టి దాన్ని ఎప్పుడైనా ఎవరైనా ఒక్కరైనా కొన్నారా అంటే చెప్పే నాథుడు లేడు.

నవ్వు సంగతి అలా ఉంచితే, నేనూ ఫైళ్లు అమ్ముకునేదాన్నే. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, జాకెట్ కటింగ్ ప్యాటర్న్‌లు గీసి పీడీఎఫ్‌లుగా అమ్ముతాను. ఛాతీ 32 నుంచి 42 దాకా సైజులు, మామూలు క్రాస్ కటింగ్, కటోరీ, ప్రిన్సెస్ కట్, బోట్ నెక్. ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసుకుని, అంచులు కలిపి టేపు అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే. కొనేవాళ్లలో ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టేవాళ్లు ఎక్కువ. మున్నేకొళాల, కుందలహళ్లి సందుల్లో మన తెలుగువాళ్లకి కొదవేముంది, మొదట కొన్నది వాళ్లే. తర్వాత కడప, మదనపల్లె, ఒంగోలు నుంచి వచ్చారు. ఆపైన అమెరికాలో ఉండి, అక్కడ జాకెట్ కుట్టేవాళ్లు దొరక్క, దొరికినా వాళ్లు అడిగే కూలికి గుండె ఆగి, తామే మిషన్ కొనుక్కున్నవాళ్లు.

ఈ మధ్య మనవాళ్లలోనే ఒకమ్మాయి పిల్లల వర్క్‌షీట్లు, ఇంకొకబ్బాయి ఎక్సెల్ బడ్జెట్ షీట్లు అమ్మడం మొదలుపెడదామని చూస్తూ నన్నడిగిన ప్రశ్న ఒకటే: "అక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే అసలు ఆన్‌లైన్‌లో నడుస్తుందా?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

నా లెక్కలో విషయం ఇది. చిక్‌పేటలో గుడ్డ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? చేత్తో నలుపుతాం, వెలుతురుకి పెట్టి చూస్తాం, అంచు లాగి చూస్తాం, "రంగు పోదు కదా" అని నాలుగుసార్లు అడుగుతాం, అప్పటికీ నచ్చకపోతే పక్క షాపుకి పోతాం. ఫైలు కొనేవాళ్లకి ఇందులో ఒక్కటీ లేదు. డబ్బు కట్టాకే సరుకు కనిపిస్తుంది. తీరా చూశాక నచ్చలేదని తిరిగిస్తామన్నా, ఇచ్చేదేముంది, కాపీ వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. అంటే వాళ్లు చూడకుండా కొనాలి, మనం నమ్మి ఇవ్వాలి. అందుకని ఆ నలిపి చూసే పనంతా మన పేజీయే చేసి పెట్టాలి. డిజిటల్ సరుకులో నిజాయితీ అంటే నాకు అర్థమైనంతవరకు ఇంతే: డబ్బు కట్టాక తెలిసే ప్రతి సంగతీ డబ్బు కట్టకముందే తెలియాలి. మిగతావన్నీ దీని కిందకే వస్తాయి.

ఉదాహరణకి ప్రింటింగ్ గొడవ. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం పైగా దీని చుట్టూనే ఉంటాయి. ప్యాటర్న్‌ని వందకి వంద శాతం సైజులో ప్రింట్ తీయాలి. కానీ ప్రింట్ బటన్ నొక్కగానే చాలా సాఫ్ట్‌వేర్లు తమంతట తామే పేజీని కాస్త కుదిస్తాయి, అంచుల్లో ఏమీ తెగిపోకుండా. ఆ కుదించడం 97 శాతం దగ్గర ఆగిందనుకోండి, కంటికి తెలియనే తెలియదు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ 36 ఛాతీ జాకెట్‌లో నాలుగో వంతు 9 అంగుళాలు రావాల్సింది 8.73 వస్తుంది. ఒక్కో భాగంలో పావు అంగుళం చిల్లర పోయింది, నాలుగు భాగాలు కలిపితే అంగుళం పైనే. జాకెట్‌లో అంగుళం అంటే తెలుసు కదా, హుక్కులు పట్టవు. పట్టుచీర మీదకి తీసిన గుడ్డ అయితే ఇక ఆ ఇంట్లో నా పేరు ఎత్తరు, ఎత్తినా మంచిగా ఎత్తరు.

అమెరికా వాళ్లది ఇంకో తంటా. మన ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. అక్కడ వాడే లెటర్ సైజు కాగితం 279. వెడల్పు కాస్త ఎక్కువే కానీ పొడవు తక్కువ. ఏ4 ఫైల్ని ఆ కాగితంలో ఇరికిస్తే 94 శాతానికి దిగిపోతుంది, 36 మనిషికి 34 జాకెట్ తయారు.

ఇక మారతహళ్లి జిరాక్స్ షాపులో ఏం జరుగుతుందో చెప్తాను. ఫైలు వాట్సాప్‌లో పంపిస్తాం, అన్న దాన్ని క్రోమ్‌లోనే తెరుస్తాడు, వెనక క్యూలో ఆధార్ కార్డు రెండువైపులా తీయించుకోడానికి నలుగురు నిలబడి ఉంటారు. "అన్నా, స్కేల్ హండ్రెడ్ పెట్టి తియ్యి" అంటే "అదే మేడమ్, ఫుల్ పేజీ వస్తుంది" అంటాడు. ఫుల్ పేజీ కాదన్నా, హండ్రెడ్. "రెండూ ఒకటే మేడమ్." అప్పటికే ప్రింట్లు బయటికి వచ్చేస్తుంటాయి. తప్పు ఆయనది కాదు, రోజంతా ఆయన తీసేవాటిలో ఎవరికీ అంగుళాలతో పని ఉండదు.

ఇదంతా కొన్నాక తెలిస్తే ఏం లాభం? అందుకే నా పేజీలో మొట్టమొదట ఉండేది జాకెట్ ఫొటో కాదు, ఒక టెస్ట్ పేజీ. ఉచితం. రెండు అంగుళాల చదరం ఒకటి గీసి ఉంటుంది, పక్కన కొలబద్ద బొమ్మ. దాన్ని ప్రింట్ తీసుకుని టేపు పెట్టి కొలవండి, రెండు అంగుళాలు కచ్చితంగా వచ్చిందా, వస్తేనే కొనండి, రాకపోతే సెట్టింగ్ మార్చండి, అప్పటికీ రాకపోతే ఇంకో షాపులో తీయించండి, ఎక్కడా కుదరకపోతే దయచేసి కొనకండి అని రాశాను. అడోబ్ రీడర్‌లో అయితే 'యాక్చువల్ సైజ్', క్రోమ్‌లో అయితే స్కేల్‌లో 'కస్టమ్' తీసి 100 అని కొట్టడం, రెండింటికీ స్క్రీన్‌షాట్‌లు పెట్టాను. లెటర్ సైజుకి వేరే ఫైలు. ఎన్ని పేజీలు వస్తాయో, అతికించడానికి సుమారు ఎంతసేపు పడుతుందో కూడా ముందే ఉంటుంది, ఎందుకంటే "ఇన్ని కాగితాలు అతికించాలా!" అని విసుక్కునేవాళ్లు ఉంటారు, వాళ్ల విసుగు న్యాయమే, అది కొనకముందే పడాలి.

ఒక మార్కెటింగ్ తెలిసినాయన ఇది చూసి తల పట్టుకున్నాడు. "కొనకండి అని ఎవరైనా రాస్తారా, ఆ పేజీలో మనిషి నిలబడేదే మూడు సెకన్లు" అన్నాడు. ఆయన లెక్క ఆయనకి సరే. కానీ రూ.149 ఫైలు కొని జాకెట్ పాడుచేసుకున్న మనిషికి వెయ్యి రూపాయల గుడ్డ పోతుంది. పోయాక రాత్రి పదకొండింటికి నాకే మెసేజ్ వస్తుంది, ఆయనకి రాదు.

దీని తర్వాత "ఇది ఎవరికి పనికిరాదు" అని ఒక ముక్క. మిషన్ తొక్కడం రానివాళ్లకి, ఇది కుట్టు నేర్పదు. ఆది జాకెట్ పెట్టుకుని కత్తిరించే అలవాటు బాగా ఉన్న టైలర్లకి, మీ చేతికి మీ ఆదే మేలు. భుజాలు ఎత్తుపల్లాలుగా ఉన్నవాళ్లకి, గూని ఉన్నవాళ్లకి, సర్జరీ అయినవాళ్లకి రెడీ సైజు కుదరదు, కొలతలిచ్చి కుట్టించుకోవడమే నయం. ఈ ముక్క రాసినందుకు కొన్ని అమ్మకాలు పోయాయా అంటే పోయే ఉంటాయి. పోయినవన్నీ నన్ను తిట్టబోయే అమ్మకాలే.

ఫొటోల దగ్గరికి వద్దాం. ఇప్పుడు ఏఐ బొమ్మల కాలం. "ప్రిన్సెస్ కట్ బ్లౌజ్, మెరూన్ కలర్, సౌత్ ఇండియన్ మోడల్" అని కొడితే ముడత లేని వీపు, ఈకంత తేడా లేని చంక, దేవకన్య లాంటి మనిషి వచ్చేస్తుంది. ఆ జాకెట్ లోకంలో ఎక్కడా లేదు. దాన్ని ఎవరూ కత్తిరించలేదు, ఎవరూ తొడుక్కోలేదు. కొంతమంది ప్యాటర్న్ అమ్మేవాళ్లు ఆ బొమ్మలే పెడుతున్నారు, జాగ్రత్తగా చూస్తే ఒకచోట డార్ట్ లైను, అంటే ఒంటికి పట్టేలా గుడ్డ మడిచి కుట్టే గీత, సగంలో మాయమవుతుంది, హుక్కుల పట్టీ ఎటు తెరుచుకుంటుందో ఆ దేవుడికే తెలియాలి. నా పేజీలో మా పక్కింటావిడ, మా తోడికోడలు, ఇంకా మా వీధిలో మెస్ నడిపే అక్క కనిపిస్తారు, మొహాలు లేకుండా, వాళ్లని అడిగి తీసుకున్న ఫొటోలే. మామూలు కాటన్ గుడ్డ, లేత రంగు, ఎందుకంటే ముదురు రంగులో ముడతలు కనపడవు. చెయ్యి దించినప్పుడు ఒకటి, చెయ్యి ఎత్తినప్పుడు ఒకటి. చెయ్యెత్తితే చంక కింద ముడత పడుతుంది, పడాలి కూడా, పడకపోతే అన్నం గిన్నె దించుకోవడం కష్టం. ఆ ముడతని ఎడిటింగ్‌లో చెరపను. ఏఐని అసలు వాడకూడదని కాదు, ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌లకి జవాబు సరిచేసుకోడానికి నేనూ వాడతాను. కానీ కొనేవాళ్లు దేన్ని చూసి డబ్బు పెడుతున్నారో అది అసలుదై ఉండాలి.

ధర గురించి అందరికీ ఆసక్తి, నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ప్యాటర్న్ రూ.149, పండక్కీ అంతే, పండగ వెళ్లాకా అంతే. కొట్టేసిన ధర పెట్టను, ఎందుకంటే దాన్ని ఎక్కువకి నేనెప్పుడూ అమ్మలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే మామూలుగా 2 శాతం తీసుకుంటుంది, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపి 149లో మూడున్నర రూపాయలు పోతాయి. దాన్ని నేను భరిస్తాను, చివరి స్క్రీన్‌లో "కన్వీనియన్స్ ఫీజు" అంటూ తగిలించను. ఇక జీఎస్టీ సంగతి కొత్తవాళ్లు జాగ్రత్తగా వినండి. నాలాంటి సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దాటక రిజిస్ట్రేషన్ తీసుకోనివాళ్లు బిల్లులో 18 శాతం జీఎస్టీ అని కలిపి వసూలు చేయకూడదు, చట్టం ఒప్పుకోదు. కానీ కలిపేవాళ్లు ఉన్నారు, బిల్లు చూడ్డానికి గంభీరంగా ఉంటుందని కాబోలు. ఎవరైనా జీఎస్టీ పేరుతో డబ్బు అడిగితే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూసుకోండి.

మొదట్లో చెప్పిన ఏడు కాపీల బాపతు వేషాలకి మన దేశంలో ఇప్పుడు పేర్లు కూడా ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అదే సీసీపీఏ, 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లని మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాలు. లేని తొందర సృష్టించడం మొదటిది, అంటే మన కౌంట్‌డౌన్ గడియారం. మనం పెట్టుకోని సరుకు చడీచప్పుడు లేకుండా బుట్టలో వేసేయడం ఒకటి. ముందు ఒక ధర చూపించి డబ్బు కట్టే చోట ఇంకో ధర చెప్పడం ఒకటి. ఇవన్నీ ఒక ఎత్తు, వద్దనేవాళ్లని సిగ్గుపెట్టడం ఒక ఎత్తు: "అవును, నాకు కావాలి" అని ఒక బటన్, "వద్దు, నాకు జీవితంలో ఎదగాలని లేదు" అని ఇంకో బటన్. ఎక్సెల్ షీట్ కొనకపోతే జీవితంలో ఎదగనట్టా! మా అమ్మ ఎక్సెల్ అన్న మాటే వినకుండా చీటీలు నడిపి ఇల్లు కట్టింది.

నిజం చెప్పాలంటే ఈ మార్గదర్శకాలు వచ్చాక కూడా ఆ యాడ్లు తగ్గినట్టు నాకైతే కనిపించట్లేదు. పెద్ద సైట్లు కాస్త భయపడ్డాయేమో, రూ.199 యాడ్ వాళ్లకి మాత్రం ఏ భయమూ లేదు, ఇవాళ ఒక పేరు, రేపు ఇంకో పేరు. మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కానీ 199 రూపాయలకి ఎవరు చేస్తారు? ఆ లెక్క తెలిసే ధర 199 పెడతారు.

నెలనెలా చందా పెట్టమని కూడా సలహా ఇచ్చారు నాకు. నెలకి రూ.99, కొత్త డిజైన్లు అన్నీ ఫ్రీ. జాకెట్ ప్యాటర్న్ ఒకసారి కొంటే మనిషి సైజు మారేదాకా పనికొస్తుంది, ప్రతి నెలా ఎందుకు కట్టాలి? ఆ సలహాలో అసలు కిటుకు జనం ఆపేయడం మర్చిపోతారని. ఆర్‌బీఐ 2021 అక్టోబర్ నుంచి కార్డులో ఆటోమేటిగ్గా డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ వెళ్లాలని పెట్టింది కూడా ఇలాంటి మతిమరుపుల కోసమే. మరిచిపోయినవాళ్ల మీద బతికే వ్యాపారం నాకొద్దు బాబూ.

రివ్యూలు. ఇక్కడ అందరూ బొంకుతారు, చదువుకున్నవాళ్లు మరీనూ. వాట్సాప్ చాట్ లాంటి బొమ్మని తయారుచేసే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి, పేరు, టైము, నీలం టిక్కులతో సహా. "సూపర్ మేడమ్, మీ వల్ల నా లైఫే మారిపోయింది" అని మనకి మనమే రాసుకోవచ్చు. అమ్మేవాళ్లు కొనేవాళ్లలా నటించి రివ్యూ రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో స్పష్టంగా ఉంది. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అని 2022లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఏకంగా ఒక ప్రమాణమే తెచ్చింది, ఐఎస్ 19000. ఇవేవీ తెలియకపోయినా అబద్ధం అబద్ధమే అనుకోండి.

నేను చేసేది చాలా తక్కువ. కొన్న రెండు వారాలకి ఒక్క మెసేజ్ పెడతాను, "కుట్టారా? ఎక్కడ పట్టింది, ఎక్కడ వదులైంది?" అని. బాగుందా అని అడగను. బాగుందా అని అడిగితే మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు, దాంతో నాకు ఉపయోగం లేదు. ఎక్కడ పట్టింది అని అడిగితే మాత్రం చెప్పేస్తారు, "చేతి దగ్గర బిగువు, వెనక మెడ కాస్త లేచింది" అని. వాళ్లు ఒప్పుకుంటే ఆ మాట ఉన్నది ఉన్నట్టు పేజీలో పెడతాను, పేరు, నంబరు తీసేసి. చేతులు లావుగా ఉన్న ఇంకొకావిడ అది చదివి ఒక అరంగుళం వదిలి కత్తిరించుకుంటుంది. ఆ ఒక్క వాక్యం పది ఫైవ్‌స్టార్ రివ్యూల కంటే ఎక్కువ పనిచేస్తుంది. యూట్యూబ్‌లో కుట్టు నేర్పే వాళ్లకి ఎప్పుడైనా ఫైలు ఊరికే ఇస్తే, ఊరికే ఇచ్చారని వీడియోలో చెప్పమంటాను. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనలు కూడా అవే, డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా ఏం తీసుకున్నా చూసేవాళ్లకి తెలియాలి. ఒకమ్మాయి "అలా చెప్తే వ్యూస్ పడిపోతాయి అక్కా" అంది. సరే, అయితే వద్దులేమ్మా అన్నాను. ఇప్పటికీ బాగానే పలకరించుకుంటాం.

రిఫండ్ దగ్గర నా మాట చాలామంది అమ్మకందారులకి నచ్చదు. "డిజిటల్ ప్రొడక్ట్ కాబట్టి నో రిఫండ్" అని ఒక బోర్డు పెట్టేస్తే చేతులు దులుపుకున్నట్టే అనుకుంటారు. లోపమున్న సరుకు, సేవ ఇచ్చి, వెనక్కి తీసుకోను, డబ్బివ్వను అనడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందకొస్తుంది. బిల్లులో రాసిన గడువు లోపల ఇవ్వాలి, గడువే రాయకపోతే 30 రోజులు. మనసు మారిందంటే వేరు, ఫైల్లో లోపముంటే వేరు, ఈ రెంటికీ తేడా మన పాలసీలో ఉండాలి. నా దగ్గర గీతలో తప్పుంటే, చెప్పిన సైజు రాకపోతే, ఫైలు తెరుచుకోకపోతే డబ్బు పూర్తిగా వెనక్కి. టెస్ట్ పేజీ చూసుకోకుండా తప్పు సైజులో ప్రింట్ తీసుకుంటే డబ్బు ఇవ్వను, కానీ వీడియో కాల్‌లో కూర్చుని మళ్లీ తీయిస్తాను. మోసం చేసేవాళ్లు ఉండరా? ఉంటారు. ఫైలు దించుకుని, వాడుకుని, "తెరుచుకోలేదండీ" అని డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లు నాకూ తగిలారు. ఆ కొద్దిమంది కోసం మిగతా అందర్నీ దొంగల్లా చూడబుద్ధి కాదు. పైగా రూ.149 కోసం వాదన పెట్టుకుంటే నా బీపీ మందుల ఖర్చు అంతకంటే ఎక్కువ.

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది బండిల్స్ గురించి. "10,000 రీల్స్, 5,000 టెంప్లేట్లు, లక్ష డిజైన్లు, అన్నీ రూ.99కే, మాస్టర్ రీసెల్ రైట్స్‌తో, కొనండి, మళ్లీ అమ్ముకోండి." మా రంగంలో దీనికి పాత రూపం ఉంది, మిషన్ ఎంబ్రాయిడరీ డిజైన్లు వేలకి వేలు నింపిన పెన్‌డ్రైవ్. అందులో ఏ డిజైన్ ఎవరు గీశారో ఇచ్చినవాడికే తెలియదు, వాడు ఇంకొకడి దగ్గర కొన్నాడు. తనది కాని హక్కుని వాడు మనకెలా అమ్ముతాడు? ఆ బండిల్ ధరలో ఒక్కో ఫైలుకి పైసా కూడా పడదు, అంత పని అంత చవగ్గా రాదు కదా, ఎవరో ఒకరిది కొట్టేస్తేనే వస్తుంది. వర్క్‌షీట్ల అమ్మాయికి నేను చెప్పింది కూడా ఇదే: నువ్వు గీసినవి పది ఉంటే పదే అమ్ము. బొమ్మలు ఎక్కడివి, ఫాంట్ ఎక్కడిది అని ఒక చిన్న కాగితం మీద రాసి పెట్టుకో, రేపెవరైనా అడిగితే తడుముకోకుండా. నా గైడ్ పుస్తకం 'మండలి' అనే తెలుగు ఫాంట్‌లో ఉంటుంది, ఆ ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, ఓపెన్ లైసెన్స్, దాంతో చేసిన పుస్తకాలు అమ్ముకోవచ్చు. అలాంటివి తెలుగులో ఇంకా చాలా ఉన్నాయి. ఉచితంగా, హక్కుగా దొరుకుతుంటే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పని ఏంటో నాకు అర్థం కాదు. పాత రచనలు, పాటలు వాడాలనుకునేవాళ్లకి ఒక లెక్క: మన కాపీరైట్ చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. "నెట్‌లో దొరికింది" అన్నది లెక్కలోకి రాదు.

ఇంతా చేసి నా ఫైళ్లు మాత్రం టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరగట్లేదా అంటే, శుభ్రంగా తిరుగుతున్నాయి. తాళాలూ పాస్‌వర్డ్‌లూ పెట్టి చూద్దామనుకున్నాను కానీ, పాస్‌వర్డ్ మరిచిపోయి ఫోన్ చేసేది డబ్బు కట్టినవాళ్లే, ఊరికే దించుకున్నవాళ్లు కాదు. అందుకని ప్రతి పేజీ అడుగున కొన్నవాళ్ల పేరు సన్నగా పడేలా పెట్టి ఊరుకున్నాను. లైసెన్స్ కూడా నాలుగు తెలుగు వాక్యాలే. ఈ ప్యాటర్న్‌తో మీరెన్ని జాకెట్లయినా కుట్టుకోండి, కుట్టి అమ్ముకోండి, కూలి తీసుకోండి, అందులో నాకు పైసా అక్కర్లేదు. మీ షాపులో పనిచేసే అమ్మాయికి ప్రింట్ ఇవ్వండి. ఫైలు మాత్రం బయటి గ్రూపుల్లో పెట్టకండి. ప్రిన్సెస్ కట్ నేను కనిపెట్టింది కాదు, ఆ గీత, ఆ వివరణ, ఆ ఫొటోలు మాత్రం నావి. ఇంత సూటిగా రాస్తే విచిత్రంగా కొందరు వింటారు. ఒకావిడ మెసేజ్ పెట్టింది: "మా చెల్లి దగ్గర తీసుకుని వాడేశానండీ, ఇదిగో 149."

సంపాదన సంగతి ఎవరూ నేరుగా అడగరు, చుట్టూ తిప్పి అడుగుతారు. "పడుకుని లేచేసరికి డబ్బులొస్తాయట కదా అక్కా?" వస్తాయి, రాత్రి అమెరికా వాళ్లు కొంటారు కాబట్టి. పొద్దున్నే లేచేసరికి వాళ్ల సందేహాలు కూడా వచ్చి ఉంటాయి. ఇది నాకు ఇంటి అద్దె మొత్తం కూడా కాదు, అద్దెలో కొంత భాగం, అదీ మారతహళ్లి అద్దె. పెళ్లిళ్ల ముందు పెరుగుతుంది, ఆషాఢంలో పడుకుంటుంది. నెలకి లక్షలని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అమ్మేది ఆ లక్షలు ఎలా సంపాదించాలో చెప్పే కోర్సు. వాళ్లకి లక్షలు వచ్చేది ఆ కోర్సు వల్లే, అది కోర్సులో చెప్పరు.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు అమ్మితే నడుస్తుందా అంటే, నడుస్తుంది, మెల్లగా. గడియారం పెట్టినవాడికి మొదటి వారం నాకంటే ఎక్కువ వస్తుంది, అది ఒప్పుకోవాలి. నా అమ్మకాలు ఎక్కువగా ఒకరు ఇంకొకరికి లింక్ పంపడం వల్ల వచ్చినవే, యాడ్ల వల్ల కాదు. అలా పేరు పడ్డానికి చాలాకాలం పట్టింది, మధ్యలో మానేద్దామనిపించింది కూడా. అంత ఓపిక అందరికీ కుదరదు. ఇంట్లో వేరే జీతం ఉంది కాబట్టి నాకు కుదిరింది.

ఆఖరుగా, 44 సైజు ఎప్పుడని అడుగుతున్నవాళ్లకి. 42ని కంప్యూటర్‌లో పట్టి లాగేస్తే 44 అయిపోదు. ఛాతీ పెరిగినంత భుజం పెరగదు, మెడ అసలే పెరగదు. లాగిన గీతతో కుడితే భుజాలు జారిపోతాయి, చంకలో గుడ్డ పోగుపడుతుంది. గీత కొత్తగా గీశాను, ఒకరికి కుట్టాను, ముందు డార్ట్ ఇంకా సరిగ్గా కూర్చోలేదు. కనీసం ఇద్దరు వేసుకుని చెయ్యెత్తి దించి బాగుందనేదాకా పేజీలో పెట్టను. ఈలోగా గూగుల్ పేలో అడ్వాన్సులు పంపకండి, వెనక్కి పంపడానికే నాకు సాయంత్రం సరిపోతోంది.